గొట్టం పరీక్షకు వాయిదాలొద్దు

కొండాపూర్‌ నుంచి ఒక గృహిణి ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. 'మావారికి నలభై రెండేళ్లు. సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగం. అమెరికా వాళ్ల టైముకు పని కాబట్టి రాత్రి రెండింటిదాకా కంప్యూటర్‌ ముందే ఉంటారు. రెండేళ్లుగా పొద్దున లేవగానే గ్యాస్‌ మాత్ర వేసుకుంటున్నారు. అది డాక్టరు రాసింది కాదు, మెడికల్‌ షాపులో ఇచ్చింది. రెండు నెలల నుంచి అన్నం ముద్ద గొంతు దిగాక ఛాతీ దగ్గర ఆగినట్లుంటోందట. చపాతీ అయితే మరీనూ! నీళ్లు తాగి కిందికి దించుకుంటున్నారు. ప్యాంట్లన్నీ వదులయ్యాయి. డాక్టరు ఎండోస్కోపీ రాసి ఐదు వారాలైంది. ఆఫీసులో రిలీజ్‌ ఉంది, అది కాగానే చూద్దామంటారు. అసలు కారణం భయమేమోనని నా అనుమానం. మా అత్తయ్యగారికి అరవై ఎనిమిది. షుగరుంది, ఏడాదిన్నర కిందట గుండెకు స్టెంటు వేశారు. ఈమధ్య రక్తం బాగా తగ్గిందని, పైనుంచీ కిందినుంచీ రెండువైపులా గొట్టం వేసి చూడాలని అన్నారు. ఇద్దరికీ ఒకే రోజు చేయించేస్తే నాకు తిరుగుడు తప్పుతుంది. చేయించొచ్చా?'

ఇలాంటి ఉత్తరం ఎవరింటి నుంచైనా రావచ్చు. అందుకే సమాధానం కాస్త వివరంగా చెప్పుకుందాం.

ముందు మీవారి సంగతి. రిలీజ్‌ తర్వాత కాదమ్మా, ఈ వారమే. గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు, కడుపుబ్బరం... ఇవి ఉన్న ప్రతివారికీ ఎండోస్కోపీ అవసరం లేదు. భోజనం వేళలు సరిచేసుకుని, డాక్టరు చెప్పిన మందు కొన్ని వారాలు వాడితే చాలామందికి తగ్గిపోతాయి. కానీ కొన్ని లక్షణాలు కనిపించాయంటే లెక్క మారిపోతుంది. మింగిన ముద్ద ఆగడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తం కక్కుకోవడం, విరేచనం తారులా నల్లగా జిగటగా అవడం, ఆగని వాంతులు, రక్తహీనత, ఇంట్లో ఎవరికైనా జీర్ణాశయం క్యాన్సర్‌ వచ్చి ఉండటం. (ఐరన్‌ మాత్రలు వేసుకునేవారికి కూడా విరేచనం నల్లగానే అవుతుంది. డాక్టరుకు ఆ మాట కూడా చెప్పాలి.) యాభై దాటాక కొత్తగా అజీర్తి మొదలైనా తేలిగ్గా తీసుకోకూడదు. మీవారికి వీటిలో రెండున్నాయి. బ్రిటన్‌లో ముద్ద దిగడం లేదని వచ్చిన మనిషికి, వయసెంతైనా సరే, రెండు వారాల్లోపు ఎండోస్కోపీ చేయాలని అక్కడి వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీవారికి చీటీ చేతికొచ్చే ఐదు వారాలైంది!

దీన్ని చదివి మీరు హడలిపోనక్కర్లేదు. ముద్ద ఆగడానికి కారణాలు చాలా ఉంటాయి. ఏళ్ల తరబడి యాసిడ్‌ పైకి తన్ని ఆహారనాళం కింది భాగం పుండై, మానేటప్పుడు సన్నబడిపోవచ్చు. నాళం కింద ఉండే కండర కవాటం సరిగా తెరుచుకోని 'అకలేషియా' అనే జబ్బు కావచ్చు. ఇదివరకు దీనికి శస్త్రచికిత్స చేసేవారు. 2008లో జపాన్‌ వైద్యుడు హరుహిరో ఇనొవె నోటి గుండా ఎండోస్కోపుతోనే ఆ కండరాన్ని కోసే 'పోయెమ్‌' పద్ధతి మొదలుపెట్టారు. ఇప్పుడది హైదరాబాద్‌లోనూ చేస్తున్నారు. క్యాన్సర్‌ కూడా ఒక కారణమే. పొగాకు, మద్యం అలవాట్లున్నవారిలో దాని ముప్పు ఎక్కువ. ఇన్నింటిలో మీవారిది ఏదో బయటినుంచి చూసి చెప్పగలిగే మొనగాడు ఎవరూ లేరు. లోపలికి చూడాల్సిందే. రెండేళ్లుగా వేసుకుంటున్న ఆ మాత్ర మంటను అణచిపెడుతుంది, మంటకు కారణమేమిటో చెప్పదు. హైటెక్‌ సిటీ చుట్టుపక్కల చాలా ఇళ్లలో గ్యాస్‌ మాత్ర పొద్దుటి కాఫీతో పాటు నిత్యావసర సరుకైపోయింది. చీటీ లేకుండా నెలలూ ఏళ్లూ వాడదగ్గ మందు కాదది.

కత్తి మింగిన మనిషి నుంచి...

గొట్టమంటే భయం సహజమే. దాని చరిత్ర కూడా అలాంటిదే మరి! 1868లో జర్మనీలో అడాల్ఫ్‌ కుస్మాల్‌ అనే వైద్యుడు జీర్ణాశయంలోకి తొంగి చూడాలనుకుని నిటారుగా ఉన్న లోహపు గొట్టం తయారు చేయించాడు. అది మింగగలిగే మనిషేడీ? చివరికి వీధుల్లో కత్తులు మింగే గారడీవాణ్ని పిలిపించి అతని మీద ప్రయోగించాడు. 1932లో రుడాల్ఫ్‌ షిండ్లర్‌ కొంతవరకూ వంగే గొట్టం తెచ్చాడు. అసలు మలుపు 1954లో వచ్చింది. వెంట్రుకల్లాంటి గాజు పోగుల కట్ట గుండా, కట్ట వంగినా సరే, బొమ్మను ఈ చివరి నుంచి ఆ చివరికి పంపొచ్చని లండన్‌లో హెరాల్డ్‌ హాప్కిన్స్‌, మన పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్‌ సింగ్‌ కపానీ చూపించారు. అది చదివిన బాసిల్‌ హిర్షోవిట్జ్‌ అమెరికాలో అలాంటి స్కోపు తయారుచేసి, 1957లో రోగి కంటే ముందు తనే మింగి చూసుకున్నాడు. ఆ తర్వాత గాజు పోగుల స్థానంలో చివర చిన్న కెమెరా వచ్చింది. డాక్టరు ఇప్పుడు టీవీ తెర మీద చూస్తారు.

ఈ విద్యలో హైదరాబాద్‌ది చిన్న పేరేమీ కాదు. ఏషియన్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ గ్యాస్ట్రోఎంటరాలజీని స్థాపించిన డాక్టర్‌ డి.నాగేశ్వర్‌రెడ్డికి 2002లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్‌, 2025లో పద్మవిభూషణ్‌ వచ్చాయి. అమెరికా ఎండోస్కోపీ వైద్యుల సంఘం పైన చెప్పుకున్న షిండ్లర్‌ పేరిట ఇచ్చే పురస్కారం కూడా ఆయనకు దక్కింది. సోమాజిగూడలో ఉన్న ఆ సంస్థ పెద్దాసుపత్రి ఇప్పుడు గచ్చిబౌలి మైండ్‌స్పేస్‌ రోడ్డులోనూ ఉంది. అంటే కొండాపూర్‌ వాళ్లకు కూతవేటు దూరం! పక్క రాష్ట్రాల నుంచి రైళ్లెక్కి వచ్చి గదులు అద్దెకు తీసుకుని మరీ చూపించుకుంటుంటే, పక్క వీధివాళ్లు మీటింగుల పేరుతో వాయిదా వేస్తున్నారు. కార్పొరేట్‌ ఆసుపత్రే కానక్కర్లేదు. నిమ్స్‌, ఉస్మానియా, గాంధీలోనూ ఈ విభాగాలున్నాయి. రద్దీ ఉంటుంది, అంతే.

లోపల ఏం జరుగుతుంది?

పై ఎండోస్కోపీ గొట్టం మన చిటికెన వేలంత లావు కూడా ఉండదు. సుమారు ఒక సెంటీమీటరు, కొన్నిటికి అంతకన్నా తక్కువ. నోటి గుండా ఆహారనాళం, జీర్ణాశయం, చిన్నపేగు మొదటి భాగం వరకూ వెళ్తుంది. ఊపిరాడదేమోనన్నదే చాలామంది భయం. గొట్టం వెళ్లేది అన్నం వెళ్లే దారిలో. గాలి వెళ్లే దారి వేరు. ముక్కుతో నిదానంగా ఊపిరి తీసుకుంటూ ఉండొచ్చు.

మొదట గొంతులో చేదుగా ఉండే మందు స్ప్రే చేస్తారు. కాసేపటికి గొంతు మొద్దుబారి, ఉమ్మి మింగుతున్నామో లేదో తెలియనట్లుంటుంది. కంగారుపడొద్దు. ఎడమవైపు తిరిగి పడుకోమంటారు. గొట్టాన్ని కొరకకుండా పళ్ల మధ్య ప్లాస్టిక్‌ మౌత్‌పీస్‌ పెడతారు. కట్టుడు పళ్లుంటే ముందే తీసేయాలి. కదిలే పన్ను ఉంటే చెప్పాలి. గొట్టం నాలుక వెనక్కి చేరినప్పుడు ఒక్కసారి మింగమంటారు. అప్పుడొచ్చే వాంతి వికారమే మొత్తం పరీక్షలో కష్టమైన ఘట్టం. తర్వాత కడుపులోకి గాలి ఊదుతారు కాబట్టి ఉబ్బరం, త్రేన్పులు ఉంటాయి. నోట్లో ఊరే ఉమ్మిని మింగకుండా పక్కకు కారనివ్వాలి. సిగ్గుపడాల్సిందేం లేదు. చూసి రావడమే అయితే ఐదు నుంచి పది నిమిషాల్లో అయిపోతుంది. అనుమానంగా ఉన్నచోట గోరు చివరంత కూడా లేని ముక్కను తీస్తారు. అదే బయాప్సీ. అది తీసినట్లు కూడా తెలియదు. బయాప్సీ తీశారంటే క్యాన్సరన్న మాట కాదు. పుండుకూ తీస్తారు, వాపుకూ తీస్తారు, బ్యాక్టీరియా కోసమూ తీస్తారు.

మత్తు కావాలా వద్దా? ఇది మీరూ డాక్టరూ కలిసి తేల్చుకోవాల్సిన విషయం. ఊరికే చూడటానికైతే గొంతు స్ప్రేతోనే ఓర్చుకునేవాళ్లు ఎంతోమంది. వాళ్లు గంట తర్వాత ఇంటికో ఆఫీసుకో వెళ్లిపోవచ్చు. బాగా భయమున్నవారికి, ఎక్కువసేపు పట్టే పనులకు, కొలనోస్కోపీకి మత్తు మేలు. అయితే మత్తు తీసుకుంటే దాని షరతులన్నీ ఒప్పుకోవాలి. ఒక పెద్దమనిషి తోడుండాలి. యాప్‌లో పిలిచిన క్యాబ్‌ డ్రైవరు తోడు కిందికి రాడు! ఇరవై నాలుగు గంటలు బండి నడపకూడదు. గంటలో తెలివొచ్చేసి మామూలుగా మాట్లాడుతుంటారు, 'నేను బాగానే ఉన్నా'నంటారు. మాట తేరుకున్నంత త్వరగా చేతులూ చూపూ తేరుకోవు. కొత్తగూడ చౌరస్తాలో బైకు మీద ఆ సంగతి తెలిసిరాకూడదు కదా! ఆ రోజు బ్యాంకు కాగితాల మీద సంతకాలు, ఒంటరిగా పసిపిల్లల్ని చూసుకోవడం, మధ్యాహ్నం ఆఫీసు కాల్‌... ఏవీ వద్దు. ఒక రోజు సెలవు పెట్టమనండి.

ఇక్కడే మీ ప్రశ్నకు జవాబు కూడా ఉంది. ఇద్దరికీ ఒకే రోజు వద్దు. మీవారికి మత్తిస్తే ఆయన అత్తయ్యగారికి తోడు కాలేరు. మీరొక్కరే ఇద్దర్నీ ఇంటికి చేర్చాలి. పైగా అత్తయ్యగారి పరీక్షకు ఇంటి దగ్గర రెండు మూడు రోజుల తయారీ ఉంటుంది. ఆయనది ముందు కానివ్వండి.

దాచే మాటలే ప్రమాదం

ఈ పరీక్షలో గొట్టం వల్ల జరిగే హాని చాలా అరుదు. చూసి రావడానికి చేసే పై ఎండోస్కోపీలో పేగుకు రంధ్రం పడటం వేలల్లో ఒకరికి జరిగే సంగతి. ఎక్కువ ఇబ్బందులు మత్తుతో, అదీ మనం చెప్పకుండా దాచిన విషయాలతో వస్తాయి.

మొదటిది కాఫీ. ఘనాహారం ఆపి కనీసం ఆరు గంటలు, నీళ్లు ఆపి రెండు గంటలు కావాలన్నది సాధారణ నియమం. పొద్దున పరీక్ష అయితే రాత్రి భోజనం తర్వాత ఏమీ తినొద్దంటారు. మనవాళ్లకు ఉపవాసమంటే అన్నం మానడమే. 'అర గ్లాసు కాఫీయే కదా' అని తాగేసి, అడిగితే ఏమీ తినలేదంటారు. పాలు లోపలికెళ్లాక నీళ్లలా జారిపోవు, విరిగి పెరుగులా గట్టిపడతాయి. మత్తులో ఉండగా అవి పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. పొరపాటున తాగితే చెప్పేయండి. మహా అయితే పరీక్ష రెండు మూడు గంటలు ఆలస్యమవుతుంది, లేదంటే మర్నాటికి వెళ్తుంది.

రెండోది మందు... అంటే సీసా మందు. రోజూ తాగే అలవాటున్నవారికి మత్తు మోతాదు లెక్క వేరుగా ఉంటుంది. భార్యో తల్లో పక్కన నిలబడి ఉంటే మగవాళ్లు 'ఎప్పుడైనా పార్టీల్లో' అంటారు. ఆ ప్రశ్న వచ్చినప్పుడు మీరు ఓ రెండు నిమిషాలు బయటికి వెళ్లండి. ఇంటి గొడవ ఇంటికొచ్చాక చూసుకోవచ్చు! పెద్దగా గురక పెట్టే అలవాటు, నిద్రలో ఊపిరి ఆగినట్లవడం, ఉబ్బసం, ఇదివరకు మత్తుతో వచ్చిన ఇబ్బంది, మందులు పడకపోవడం... ఇవన్నీ మత్తు డాక్టరుకు కావాల్సిన మాటలు. స్త్రీలైతే గర్భం ఉందేమోనన్న అనుమానాన్నీ చెప్పాలి.

మూడోది ఈమధ్య కొత్తగా మొదలైంది. బరువు తగ్గడానికి వారానికోసారి పొడుచుకునే ఇంజెక్షన్లు. మౌంజారో, వెగోవీ లాంటివి 2025లో మన దేశంలో అమ్మకానికొచ్చాయి. షుగరుకూ వాడతారు. ఇవి జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి. అందుకే చెప్పినట్టే ఉపవాసమున్నా రాత్రి తిన్నది తెల్లారేదాకా లోపలే ఉండొచ్చు. ఆఫీసులో ఎవరికీ తెలియకుండా వాడుతున్నా సరే, డాక్టరుకు మాత్రం తెలియాలి. పరీక్షకు ముందు ఆపాలా, ముందురోజంతా ద్రవాహారమే తీసుకోవాలా అన్నది వారు చెబుతారు.

అత్తయ్యగారి విషయంలో...

వయసు మళ్లినవారిలో రక్తం తగ్గితే 'వయసు కదా, పాలకూర తినండి' అని వదిలేయకూడదు. జీర్ణాశయంలోనో పెద్దపేగులోనో కొద్దికొద్దిగా కారిపోతోందేమో చూడాలి. అందుకే రెండువైపుల నుంచీ చూస్తామన్నారు. అడిగింది న్యాయమైన పరీక్షే.

స్టెంటు వేయించుకున్నవారు రక్తం పలచబడే మందులు, అంటే ఆస్పిరిన్‌, క్లొపిడోగ్రెల్‌ లాంటివి వాడుతుంటారు. గొట్టం పరీక్ష అనగానే 'రక్తం కారుతుందేమో' అని వాటిని సొంతంగా ఆపేసేవారున్నారు. ఇంతకన్నా పెద్ద తప్పు లేదు. స్టెంటులో గడ్డ కడితే గుండెపోటే! చూసి, చిన్న బయాప్సీ తీయడానికి సాధారణంగా వీటిని ఆపరు. పెద్ద పాలిప్‌ లాంటివి కోయాల్సి వస్తే క్లొపిడోగ్రెల్‌ను కొన్ని రోజులు ఆపి ఆస్పిరిన్‌ కొనసాగిస్తారు. ఆ నిర్ణయం గుండె డాక్టరూ పేగుల డాక్టరూ మాట్లాడుకుని చేయాలి. మీరు చేయాల్సిందల్లా మందుల పేర్లు, స్టెంటు వేసిన తేదీ ఒక కాగితం మీద రాసి ఇద్దరికీ చూపించడం. ఖాళీ మాత్రల అట్టలు సంచిలో వేసుకెళ్లినా సరిపోతుంది.

షుగరున్నవారికి పొద్దుటి తొలి సమయం అడిగి తీసుకోండి. తిండి లేని పూట మామూలు మోతాదులో మాత్ర, ఇన్సులిన్‌ ఇస్తే షుగర్‌ పడిపోతుంది. ఏది ఎంత తగ్గించాలో ముందే రాయించుకోండి. డాపాగ్లిఫ్లోజిన్‌, ఎంపాగ్లిఫ్లోజిన్‌ లాంటి పేర్లున్న మాత్రల గురించి ప్రత్యేకంగా అడగండి. ఎక్కువసేపు పస్తుంటే వీటితో రక్తంలో ఆమ్లాలు పెరిగే ప్రమాదం ఉంది కాబట్టి కొన్ని రోజుల ముందే ఆపమంటారు. ఉపవాసంలో చెమటలు, వణుకు వస్తే నియమం పట్టుకుని కూర్చోవద్దు. నీళ్లలో చక్కెర కలిపి ఇచ్చి, ఎన్ని గంటలకు ఇచ్చారో ఆసుపత్రిలో చెప్పండి.

కొలనోస్కోపీలో కష్టమంతా ముందురోజే. పేగు శుభ్రంగా లేకపోతే ఎంత గొప్ప డాక్టరైనా చూసేదేం లేదు. చిన్న పాలిప్‌లు మలం చాటున దాక్కుంటాయి. ఐరన్‌ మాత్రలు వారం ముందు ఆపమంటారు. రెండు మూడు రోజులు గింజలు, తొక్కలు, పీచు ఉన్నవి మానాలి. టమాటా, వంకాయ, జామ, ఆకుకూరలు వద్దు. తాలింపులో ఆవాలు, జీలకర్ర కూడా! ఎన్ని కడుక్కున్నా పేగు గోడకు అంటుకుని ఉండిపోయేవి అవే. మెత్తటి తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ నయం. చివరి రోజు వడగట్టిన పలచని ద్రవాలే ఇస్తారు. కొబ్బరినీళ్లు, పాలు లేని టీ లాంటివి. ఎర్ర రంగు షర్బత్‌లు వద్దు, లోపల రక్తంలా కనిపిస్తాయి. కిడ్నీ జబ్బుంటే విరేచనాల పొడి రాసేముందే చెప్పాలి. అన్ని పొడులూ అందరికీ పడవు. పొడి కలిపిన నీళ్లు సగం ముందురోజు సాయంత్రం, మిగతా సగం పరీక్ష రోజు తెల్లవారుజామున తాగమంటారు. రుచి బాగుండదు, చల్లగా చేసి కొంచెం కొంచెంగా తాగితే దిగుతుంది. చివరికి అయ్యేది లేత పసుపు నీళ్లలా ఉండాలి. గోధుమరంగులో ఉంటే ఆసుపత్రికి ఫోన్‌ చేసి అడగండి.

పెద్దవాళ్లకు ఆ రాత్రి అసలు ముప్పు పేగులో కాదు, బాత్రూం దారిలో. నీరసంతో లేచి చీకట్లో పరుగెత్తి జారిపడతారు. లైట్లు వేసి ఉంచండి. నేల తడి లేకుండా చూడండి. ఎవరో ఒకరు ఆ గదిలోనే పడుకోండి. ఇంకో మాట, చిన్నదే... ట్యాంకర్ల నీళ్లతో నడిచే అపార్ట్‌మెంట్‌ అయితే ఆ సాయంత్రం ట్యాంకు నిండిందో లేదో వాచ్‌మన్‌ని అడిగి పెట్టుకోండి!

డబ్బు, శుభ్రత: అడగడానికి మొహమాటమెందుకు?

బోర్డు మీద రాసిన ఎండోస్కోపీ రేటులో మత్తు, మత్తు డాక్టరు ఫీజు, బయాప్సీ, ఆ ముక్కను ల్యాబులో పరీక్షించే చార్జీ అన్నీ ఉన్నాయా? ఈ ప్రశ్న బిల్లు కట్టేటప్పుడు కాదు, అపాయింట్‌మెంట్‌ తీసుకునేటప్పుడే అడగాలి. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉందన్న ధీమాతో వెళ్లేవారికి ఒక హెచ్చరిక. ఆసుపత్రిలో చేరకుండా చేయించుకున్న పరీక్షలకు చాలా పాలసీలు డబ్బివ్వవు. ముందే అడిగి తెలుసుకోండి. ఆరోగ్యశ్రీ అర్హత ఉన్నవారు కౌంటర్లోని ఆరోగ్యమిత్రను కలవండి.

శుభ్రత సంగతి కూడా అడగదగ్గదే. ఒకరికి వాడిన స్కోపును మొదట బ్రష్షుతో లోపలి దారులన్నీ కడిగి, తర్వాత క్రిములను చంపే రసాయనంలో నిర్ణీత సమయం ఉంచి, ఆరబెట్టాకే ఇంకొకరికి వాడాలి. 2015లో లాస్‌ ఏంజెలిస్‌లోని ఒక పెద్ద యూనివర్సిటీ ఆసుపత్రిలో, పిత్తనాళాల చికిత్సకు వాడే ప్రత్యేకమైన స్కోపుల చివరి భాగంలో క్రిములు మిగిలిపోయి రోగులకు సోకాయి, కొందరు చనిపోయారు. నియమం ప్రకారం కడిగినా వదలనంత చిక్కు నిర్మాణం దానిది. ఆ తర్వాత అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, తీసి పారేయగల మూతలున్న స్కోపుల వైపు మారమని ఆసుపత్రులకు సూచించింది. మామూలు ఎండోస్కోపుకు ఆ చిక్కు లేదు. అయినా 'స్కోపును ఎలా శుభ్రం చేస్తారు?' అని మర్యాదగా అడిగితే మంచి సెంటర్‌వాళ్లు చక్కగా చెబుతారు. చిరాకుపడితే ఇంకో చోటు చూసుకోండి.

పేరులో పోలిక ఉంది కదా అని ఈఆర్‌సీపీని మామూలు ఎండోస్కోపీ అనుకోవద్దు. పిత్తనాళంలో రాళ్లు తీయడానికి చేసేది అది. దాని తర్వాత నూటికి సుమారు ముగ్గురి నుంచి పది మందికి క్లోమం వాపు రావచ్చు. ఊరికే 'చూద్దాం' అని చేయించుకునేది కాదు, అవసరం తేలాకే చేయించుకోవాలి.

ఇంటికొచ్చాక

గొంతు తిమ్మిరి పూర్తిగా పోయేదాకా, అంటే అరగంట నుంచి గంట వరకూ ఏమీ తాగకూడదు. తిమ్మిరిలో తాగితే పొలమారుతుంది. మొదట ఒక గుక్క మంచినీళ్లు, అది హాయిగా దిగితే తర్వాత మెత్తటి ఆహారం. ఒకటి రెండు రోజులు గొంతు గరగర, కొంచెం ఉబ్బరం మామూలే. కడుపులోనో ఛాతీలోనో తగ్గని తీవ్రమైన నొప్పి, జ్వరం, ఊపిరి ఆడకపోవడం, మెడ దగ్గర వాపు, రక్తం కక్కడం, నల్లటి విరేచనం... వీటిలో ఏదొచ్చినా తెల్లారేదాకా ఆగకుండా పరీక్ష చేసిన ఆసుపత్రి ఎమర్జెన్సీకే వెళ్లాలి. డిశ్చార్జి కాగితం మీద రాత్రి ఫోన్‌ నంబరు రాయించుకుని రండి.

ఇక రిపోర్టు. దాన్ని చేత్తో పట్టుకుని ఇంటర్నెట్‌లో ఒక్కో మాటా వెతికి బెంబేలెత్తిపోతుంటారు. 'యాంట్రల్‌ గ్యాస్ట్రైటిస్‌' అని ఉంటే జీర్ణాశయం కింది భాగం కాస్త ఎర్రబడిందని. ఎక్కువ రిపోర్టుల్లో కనిపించే మాటే. 'హయటస్‌ హెర్నియా' అంటే జీర్ణాశయం పై అంచు ఛాతీ వైపు కొంచెం జరిగిందని. అందరికీ ఆపరేషన్‌ అక్కర్లేదు. 'ఎల్‌ఏ గ్రేడ్‌' పక్కన ఎ నుంచి డి దాకా అక్షరం ఉంటే, యాసిడ్‌ వల్ల ఆహారనాళం ఎంత ఒరుసుకుపోయిందో చెప్పే కొలత. ఎ తక్కువ, డి ఎక్కువ. 'ఇంటెస్టినల్‌ మెటాప్లేసియా' అని ఉంటే మాత్రం మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో కచ్చితంగా అడగండి. అన్నీ నార్మల్‌ అని వస్తే డబ్బు దండగైందని బాధపడేవాళ్లున్నారు! భయపడాల్సినవి లేవని తేలింది కదా, దానికే కదా చేయించుకున్నది.

'ఆర్‌యూటీ పాజిటివ్‌' అంటే హెలికోబ్యాక్టర్‌ పైలోరి అనే బ్యాక్టీరియా ఉందని. అల్సర్లకు కారం, టెన్షనే కారణమని అందరూ నమ్ముతున్న రోజుల్లో ఆస్ట్రేలియా వైద్యుడు బ్యారీ మార్షల్‌ 1984లో ఈ బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని తనే తాగి, జబ్బు తెచ్చుకుని, ఎండోస్కోపీ చేయించుకుని మరీ చూపించాడు. 2005లో రాబిన్‌ వారెన్‌తో కలిసి నోబెల్‌ అందుకున్నాడు. దీనికి రెండు వారాలపాటు మూడు నాలుగు రకాల మందులు కలిపి ఇస్తారు. నాలుగు రోజులకు హాయిగా ఉందని ఆపేస్తే క్రిమి చావదు, మందులకు మొండికేస్తుంది. కోర్సు అయ్యాక కనీసం నాలుగు వారాలు ఆగి, పోయిందో లేదో మళ్లీ పరీక్షించుకోవాలి. గ్యాస్‌ మాత్రలు, యాంటీబయాటిక్‌లు ఈ పరీక్షను తప్పుదారి పట్టిస్తాయి కాబట్టి వాడుతున్నట్లు ముందే చెప్పండి.

బయాప్సీ ఫలితం ఆ రోజే రాదు, కొన్ని రోజులు పడుతుంది. ఎండోస్కోపీ చేయించుకున్నవాళ్లలో కొందరు రెండోసారి ఆసుపత్రి గుమ్మం తొక్కరు. 'ఏదైనా ఉంటే వాళ్లే ఫోన్‌ చేస్తారుగా' అనుకుంటారు. ఫోన్‌ నంబరు మారిపోవచ్చు, కౌంటర్లో మనిషి మారిపోవచ్చు, కాగితం సొరుగులోనే ఉండిపోవచ్చు. ఏ తేదీకి వస్తుందో ఆ రోజే అడిగి క్యాలెండర్‌లో రాసుకోండి. వెళ్లి తెచ్చుకోండి. తెచ్చిన కాగితాన్ని అమెరికాలో ఉన్న బంధువులకు వాట్సాప్‌లో పంపడం తర్వాత సంగతి. ముందు దాన్ని పరీక్ష రాసిన డాక్టరు చేతికివ్వండి.